చిన్న గీజరు

కమలాపురం,
ఆదివారం

ప్రేమజ్యోతీ,

ఫోన్లో చెబితే మంచంలో ఉన్న మీ అత్తను వదిలేసి ఆత్మకూరులో బస్సెక్కుతావని ఇలా రాస్తున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, భయపడకు.

మీ బావ ఉన్నన్నాళ్లూ నీళ్లు కాచే రాడ్డు ఆయనే బకెట్లో పెట్టేవాడు. పోయిన వారం నేను స్విచ్ ఆపకుండానే, నీళ్లు వేడెక్కాయో లేదోనని వేలు పెట్టాను. షాక్ కొట్టి వెనక్కి పడ్డాను. కేక వేద్దామంటే ఎవరి పేరు పిలవాలో తోచలేదు. ఆ తడి నేల మీదే చాలాసేపు పడి ఉన్నాను. దెబ్బలేమీ తగల్లేదు.

మరునాడు పక్కింటి జ్ఞానమణిని తోడు తీసుకుని కడపకు గీజరు కొనడానికి వెళ్లాను. దుకాణంలో మస్తాన్‌వలీ అనే ఆయన, మాది కమలాపురమని విని, "ఇంట్లో ఎంతమంది ఉండారమ్మా?" అని అడిగాడు.

"ఇద్దరం" అనేశాను. జ్ఞానమణి నా చెయ్యి పట్టుకుంది.

"కాదప్పా, నేనొక్కదాన్నే" అన్నాను.

ఆయన పెద్ద గీజర్లు వదిలి పక్క వరసకు నడిచాడు. తర్వాత మెల్లగా, "అట్లయితే ఈ చిన్నది శాలమ్మా. మీ పక్క నీళ్లు శానా ఉప్పు, పెద్దది ఊరికే పాడైపోతాది" అన్నాడు. అదే కొన్నాను. వేడినీళ్లు బాగా వస్తున్నాయి.

నిన్నొకటి అడుగుతాను, కాదనకు. రోజూ పొద్దున స్నానం అయ్యాక నీకొక మిస్డ్ కాల్ ఇస్తాను. నువ్వు ఎత్తనక్కర్లేదు, నీ పనులు నీకుంటాయి. ఏ రోజైనా అది రాకపోతే మాత్రం జ్ఞానమణికి ఫోన్ చెయ్యి. మీ బావ దగ్గరుండే ఇంటి తాళంచెవి ఆమెకిచ్చాను.

మీ అక్క