తల వంచే చదువు

సుంకమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అక్షరం రాని నీకు ఎవరు చదివి వినిపిస్తారని రాస్తున్నానో నాకే తెలియదు.

కూతుర్ని కొట్టి మరీ తల వంచడం నేర్పుతున్నావేమని ఒకసారి అడిగాను. "పెద్దిండ్లోళ్ల ముందర తలెత్తితే వాళ్లు కొడ్తారు సామీ. దానికంటే నా దెబ్బే నయం" అన్నావు. బడిలో ఆ భయం లేదని, పంతులుగా నీకు మాటిచ్చాను.

ఈ రోజు కోడుమూరు బడికి ఇనస్పెక్టరు వచ్చారు. పదమూడో ఎక్కం అడిగితే, తల్లులు ఇంట్లో వల్లె వేయించిన అంగళ్లవాళ్ల పిల్లలు గొంతెత్తి చెప్పారు. నీ ఈరమ్మ తల వంచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పింది. ఒక్క తప్పు లేదు. కానీ అది పక్కనే నిలబడ్డ నాకొక్కడికే వినిపించింది. "వీళ్లకు చదువు అబ్బదు" అంటూ ఆయన ఈరమ్మ పేరు పక్కన 'మందమతి' అని రాసుకున్నారు. కాదని చెప్పబోయాను. ఆయన నావైపు చూడగానే తల దించుకున్నాను.

సాయంత్రం మీ గుడిసె ముందు ఈరమ్మ, రేపు బడిలో చేరాల్సిన చెల్లెలి మెడ పట్టి వంచుతోంది.

"తల దించు. బడిలో గూడా అంతే. ఇనస్పెక్టరు వస్తే అయ్యోరు గూడా దించుకున్యాడు."