కొసరు బాతులు

జనవరి 9, 1983. తడ.
కంటి ఆపరేషన్ తర్వాత మొదటిసారి పులికాట్ సరస్సు మీదికి. సూదితోక బాతుల్ని నేనే లెక్కపెట్టాను... పోయినేడు రాసినదాంట్లో సగం కూడా లేవు. మళ్ళీ పెట్టాను. అంతే. పడవలో చెంగయ్య తల వంచుకుని గెడ వేస్తున్నాడు. ఎప్పుడూ వాగే మనిషి.

జనవరి 10. తిరుపతి.
లెక్క అటవీ శాఖకు పంపేశాను. కాలేజీలో రెండు క్లాసులు. ఏం చెప్పానో నాకే తెలీదు.

జనవరి 24.
అటవీ ఆఫీసరు జవాబు. నా పన్నెండేళ్ళ లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడట. పదకొండేళ్ళు నిలకడ, ఒక్క ఏడాదిలో సగం! చెంగయ్య ఊరివాళ్ళు రొయ్యలకు కొత్త వలలు కట్టింది ఈ ఏడే కాబట్టి తప్పు వలలదేనట. తీయించేస్తారట. "మీ లెక్కే మాకు ఆధారం" — పైగా మెచ్చుకోలు.

జనవరి 30. తడ.
చెంగయ్యను నిలదీశాను. నా కళ్ళకు పొరలు కమ్మిన ఈ నాలుగేళ్ళూ లెక్క అతనిదే — నూరు బాతులకు ఒక గవ్వ బుట్టలో. గవ్వలు చూసి నా సంతకంతో పంపడం నా పని. చూపు లేదని ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గు.
"కొసరేసినా సార్."
కొసరా?
"సేపలమ్మితే నూటిపైన నాలుగు ఎయ్యమా? ఏటికేడు పిట్ట తగ్గతానే ఉండాది. గవ్వలు తక్కువైతే మీ మొగం సిన్నబోతాది... ఇంకో గుప్పెడు ఏసినా."
కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. నాలుగేళ్ళుగా కొద్దికొద్దిగా తగ్గిన బాతులు కాగితం మీద ఒక్కసారే మాయమయ్యాయి.
వలల సంగతి చెప్పాను. "మేమా సార్ తరిమింది?" అన్నాడు.

ఫిబ్రవరి 2.
నీళ్ళు తగ్గా? ఉప్పెక్కా? అసలెందుకు పోతున్నాయి? పన్నెండేళ్ళు చూసీ తెలీదు.

ఫిబ్రవరి 5.
ఆఫీసరుకు ఉత్తరం రాశాను. "నాలుగేళ్ళు నేను లెక్కపెట్టలేదు." మా ఆవిడ చదివి, "ఇది చూశాక మిగతా ఎనిమిదేళ్ళు మాత్రం నమ్ముతారా?" అంది. నమ్మరు. బాతులు తగ్గుతున్నాయన్న మాటా నమ్మరు. పంపలేదు.

ఫిబ్రవరి 8.
పొద్దున్నే చెంగయ్య, మా గుమ్మంలో. బస్సు దిగి ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చాడట.
"ఎల్లుండి వలలు పీకతారంట. తప్పు లెక్క సెప్పింది నేనని రాసెయ్యండి సార్. మీకు తెలీకుండా సేసినానని. నన్నేమన్నా సేసుకోనీ."
వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అలా రాస్తే వలలు మిగులుతాయి, నా పేరూ మిగులుతుంది. నాకు తెలీకుండా చేశాడన్నది అబద్ధం కూడా కాదు...
కొత్త కాగితం తీశాను. అతని ఇంటిపేరు కావాలి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.