రాకెట్టెక్కిన ఆవిడ

శుక్రవారం, రాత్రి

చేపల బజార్లో నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. అయినా నిద్ర పట్టడం లేదు.

మధ్యాహ్నం మా అమ్మాయి శ్రీకాకుళం లైబ్రరీ నుంచి తెచ్చిన పాత నవల చదివి వినిపించింది. అంగారకుడి మీదికి రాకెట్టు బయల్దేరుతుంది. అందులో నలుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఆవిడా సైంటిస్టేనట. చేసేదల్లా కాఫీ కలపడం, కిటికీలోంచి భూమిని చూసి ఏడవడం, వింత జంతువు కనబడితే మూర్ఛపోవడం. రాసినవాడి మీద ఒళ్ళు మండింది. "ఈడింట్లో ఆడోలు లేరేటి?" అని విసుక్కున్నాను.

సాయంత్రం ఆయన మా బోటుకి కొత్త ఇంజను బిగిస్తుంటే చూడ్డానికి ఒడ్డుకి వెళ్ళాం. అమ్మాయి బోటులోకి కాలు పెట్టబోయింది. ఆయన తలెత్తేలోపే నేను చెయ్యి పట్టి లాగేశాను. "ఎక్కకు. ఆడోలు ఎక్కితే వల ఖాళీగా వస్తాది."

మా అమ్మ నాతో అన్న మాటే అది. ఆలోచించకుండానే వచ్చేసింది.

ఇంటికి వస్తుంటే అమ్మాయి నెమ్మదిగా అంది. "ఏడిస్తే ఏటమ్మా, ఆవిడ రాకెట్టెక్కినాది కదా."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ బోటు తెచ్చిన చేపలే అమ్ముతున్నాను. సముద్రం మీంచి చూస్తే మన ఒడ్డు ఎలా కనబడుతుందో ఇప్పటికీ నాకు తెలియదు.