బొమ్మకి దిష్టిచుక్క

శనివారం, రాత్రి

యారాడలో ఇవాళ సీపీఆర్ శిక్షణ పెద్దవాళ్ల బొమ్మ వరకూ బాగానే సాగింది. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కమంటే, చేపల గంపలు మోసే ఆ ఆడవాళ్లు నాకంటే గట్టిగా నొక్కారు. చిన్నపిల్లల బొమ్మకి ఒక చెయ్యి చాలంటే అదీ నేర్చుకున్నారు. పసిపాప బొమ్మ తీసేసరికి మాత్రం అందరూ వెనక్కి జరిగారు. అది కళ్లు మూసుకుని ఉంటుంది కదా.

"సచ్చిపోయిన పిల్లలా ఉంది. నాను ముట్టుకోనమ్మా," అంది వాళ్లలో పెద్దావిడ అప్పాయమ్మ.

నాకు విసుగొచ్చింది. బొమ్మనే ముట్టుకోలేనివాళ్లు రేపు నిజంగా ఓ బిడ్డకి ఊపిరాగితే ఏం చేస్తారు?

కాసేపటికి ఆవిడే కోడలి దగ్గర కాటుక తెచ్చి, బొమ్మ బుగ్గన దిష్టిచుక్క పెట్టింది.

"ఇప్పుడు మన పిల్లే. ఏటి సెయ్యాలో సెప్పమ్మా."

ఛాతీ మధ్యలో రెండు వేళ్లు పెట్టించాను. "ఇరిగిపోద్దేటో" అంటూనే నేను చెప్పినంత లోతుకీ నొక్కింది. ఆ తర్వాత ఒక్కరూ వెనక్కి జరగలేదు.

నిజం బిడ్డయితే ఆ వేళ్లు వణకవా? వణుకుతాయేమో. నావీ వణుకుతాయి...

ఇంటికొచ్చి బొమ్మలన్నీ స్పిరిట్‌తో తుడిచాను, ఆ చుక్క తప్ప. సోమవారం అచ్యుతాపురం ఫ్యాక్టరీలో మగవాళ్లకి కూడా ఈ పిల్లనే చూపిస్తాను.