తల వంచినా ముందుకే చూసే కెమెరా

2007 జూన్ 11, ఎర్రగుంట్ల.

ఏమండీ,

పొద్దున నీళ్ళు పట్టాను, బియ్యం ఏరాను, ఊరగాయ జాడీలకు గుడ్డలు కట్టాను. మధ్యాహ్నం, పొగలో చిక్కుకున్నవాళ్ళను వెతికేవాళ్ళ కోసం మీరు చేసిన కెమెరా హెల్మెట్ గురించి పేటెంటు ఆఫీసు జవాబు వచ్చింది.

మీరు పోయాక వాళ్ళు అభ్యంతరం పెట్టారు. గనుల్లో దీపం పెట్టిన హెల్మెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి, దీపం బదులు కెమెరా పెట్టడం ఎవరికైనా తడుతుంది అన్నారు. ఊరుకుంటే అది మీ ఆలోచన కాకుండా పోయేది. అందుకని మీతో కలిసి దాన్ని తయారుచేసిన టీవీ రిపేరు కరీం చెన్నైలో విచారణకు వెళ్ళాడు.

ఎంత చెప్పినా అక్కడి అధికారి వినకపోతే, కరీం హెల్మెట్ పెట్టుకుని ఆ గదిలోనే పాకాడట. "పొగలో ఎవరూ నిలబడరు సార్, ఇట్లే పాకుతారు. నుదుటి మీద కెమెరా పెడితే కింద బండలే కనపడతాయి. తల వంచినా ముందుకే చూసేటట్లు మా అన్న దీన్ని చెవి పక్కన వేలాడదీసినాడు. ఎవరికైనా తట్టేదే అయితే ఇన్నాళ్ళు యాడ పోయినారు అందరూ?" అన్నాడట. అప్పుడు ఆ కెమెరాకు కలిపిన చిన్న టీవీలో, ఎదురుగా ఉన్న అధికారికి తన బూట్లే కనిపించాయట.

సాయంత్రం కరీం వచ్చి ఇంగ్లీషులో ఉన్న ఆ జవాబు చదివాడు. "గెలిచినాం వదినా! హెల్మెట్‌కు కెమెరా కట్టడం అందరిదీ అంట. అట్ల వేలాడదీయడం మాత్రం అన్నదే అంట. నా మోకాళ్ళు ఊరికే దోక్కుపోలేదు."

తెలుగులో చెబుతూ చదివాడు కాబట్టి, మీ పేరు ముందున్న 'లేట్' అనే మాటను దాటేశాడు. అతను వెళ్ళాక ఆ మాట నేను చదువుకున్నాను.