గుమ్మంలో పేరుకున్న మంచు

చందర్లపాడు,
ఏప్రిల్ 1964

ప్రియమైన జ్ఞానయ్య అన్నకు తమ్ముడు ఏసురత్నం వందనాలు.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమమని రాయమంది అమ్మ. రాశాను. లదాఖ్ కొండల్లో సరిహద్దు కాపలాలో నువ్వెలా ఉన్నావో ఈసారైనా దాచకుండా రాయి. అమ్మ తన పాత చీరలతో కుట్టిన బొంత పార్సెల్లో వస్తోంది.

"మీ సుడిగాలి గొప్పదా, మా మంచు తుఫాను గొప్పదా" అని పోయిన ఉత్తరంలో అడిగావు. మంచు ముందే ఆకాశం మసకేసి చెబుతుందనీ, మొదలైతే గుడారం దాటనివ్వదనీ రాశావు. మా గాలి ఏమీ చెప్పదు. పోయిన వారం మిట్టమధ్యాహ్నం మిరప కల్లంలో ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. ఉన్నట్టుండి తాటిచెట్టంత దుమ్ము లేచింది. కల్లంలోకి వచ్చి ఎండుకాయల్ని చుట్టేసరికి గాలి గాలంతా ఎర్రబడింది. అందరూ మొహాన పమిట కప్పుకుని బోర్లా పడుకున్నారు. కామందు మాత్రం "కాయలు పోతన్నాయి! పట్టా కప్పండే!" అని ఒకటే అరుపు. అమ్మ ఒక్కతే లేచి పరుగెత్తింది.

నాకు ఒళ్ళు మండింది. "మనుషుల కళ్ళకన్నా నీ కాయలెక్కువా?" అని అతని మీదికి పోయాను.

"నాలుగు కరపత్రాలు చదివి నాకు చెప్పొచ్చావా?" అన్నాడు.

అమ్మ కూడా నన్నే తిట్టింది. "నోరు ముయ్యరా. రేపు పనికి పిలవద్దా?"

ఇక అసలు సంగతి. నీకు చెప్పనని అమ్మ నాచేత బైబిలు మీద చెయ్యి వేయించింది. ఒట్ల మీద నాకు నమ్మకం లేదు. అయినా రెండు కాగితాలు చింపాకే ఇది రాస్తున్నాను. అమ్మకి కుడికన్ను కనిపించడం లేదన్నా. కారం మంటకి నులుముకుంటే లోపల పుండు పడింది. వెంటనే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు నందిగామ డాక్టరు. ఆలస్యమైతే రెండో కంటికీ ముప్పేనట.

బస్సెక్కమంటే ఎక్కదు. బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను.

"ఇల్లు తాళమేసి పోతే, పెద్దోడి కాడ నుంచి తంతి వస్తే ఎవరు తీసుకుంటార్రా?"

"పక్కింటి పుష్పవతక్క ఉందిగా."

"అట్టాంటి తంతి పరాయోళ్ళ చేతిలో పడకూడదు."

అదీ తేడా, అన్నా. మా గాలి ఆ పూటే పోయింది. మీ మంచు మన గుమ్మంలో పేరుకుని అమ్మని కదలనివ్వడం లేదు.

నీకే తంతి ఇద్దామని పోస్టాఫీసు దాకా పోయాను. అక్కడ అది చూడగానే నువ్వేమనుకుంటావోనని భయపడి తిరిగొచ్చాను. నాకు భయమా అని నవ్వుకో. నువ్వు మాత్రం తంతే ఇవ్వు. "బాగున్నాను, బెజవాడ పో" అంటే చాలు. చూడగానే అమ్మకి గుండె ఆగినంత పనవుతుంది. విప్పీ విప్పగానే నేను గట్టిగా చదివేస్తాను. ఆమె ఎదురుచూసే తంతి వచ్చేశాక ఇంక ఇంట్లో కూర్చోవడానికి సాకేముంటుంది?

"ఏందిరా అంతసేపు రాస్తన్నావు?" అంటోంది వాకిట్లోంచి.

"గాలి సంగతమ్మా."

"పోయిన గాలి ఊసెందుకు? చెవులకి గుడ్డ కట్టుకోమని రాయి వాణ్ణి."

రాశాను. బొంతకి ఒక పక్క కుట్లు వంకర పోయాయి, నవ్వకు.

ఇట్లు,
తంతి బంట్రోతు కోసం అమ్మ పక్కనే గుమ్మంలో కూర్చున్న
నీ తమ్ముడు
ఏసురత్నం