చిన్న టర్బోనే పెట్టిస్తాను

సోమవారం, ఉదయం
ఈ రోజు నుంచి కొత్త తీర్మానం. మా పాత కాంటెస్సా కారుకి చిన్న టర్బోనే పెట్టిస్తాను. మధ్యస్థం కాదు. పెద్దది అసలే కాదు.

కారణం రాసి పెట్టుకుంటున్నాను, రేపు నేనే మర్చిపోతాను కాబట్టి. ఇంజన్ వదిలే పొగ వేగానికి టర్బో తిరుగుతుంది. తిరిగితే ఇంజన్‌లోకి గాలి దట్టిస్తుంది, బండికి బలం వస్తుంది. చిన్నదయితే కొంచెం పొగకే లేచి కూర్చుంటుంది. పెద్దదాన్ని లేపాలంటే ఇంజన్ గొంతు చించుకోవాలి. మాది రెండు లీటర్ల డీజిల్ ఇంజన్. ఎక్కాల్సింది సాలూరు ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకీ స్పీడు చచ్చిపోతుంది. కాబట్టి చిన్నది. లెక్కల మాస్టారి లెక్క ఇది, తిరుగులేదు!

సోమవారం, సాయంత్రం
మా ఆవిడ సోఫియాకి చెప్పాను. నర్సు కదా, ఇంజక్షన్ ఇచ్చే ముందు చూసినట్టు చూసింది. నా కారంటే ఆవిడకి ఒళ్లుమంట. ఆ ఘాట్ మీద బండి ఎక్కలేక, ఇంతకుముందు రెండుసార్లు ఆవిడని దింపి నడిపించాను.

"వచ్చే ఆదివారం కొండ మీద మాయమ్మ కాడికి ఇందులోనే తీసుకెల్లండి. దారిలో నేను దిగానా, బండి రిసార్టోలకి ఇచ్చేయాలి" అంది.

అరకులో ఒక రిసార్టు వాళ్లకి ఇది కావాలట. గేటు ముందు నిలబెట్టి, టూరిస్టుల చేత సెల్ఫీలు తీయిస్తారట. పొడుగు ముక్కు, గుర్రుమనే గొంతు ఉన్న బండిని బొమ్మలా నిలబెట్టడమా? నా వల్ల కాదు. పందెం ఒప్పుకున్నాను.

బుధవారం
షెడ్డుకి వెళ్లాను. సాలూరంటే లారీల ఊరు. ఇక్కడ టీ కొట్టువాడు కూడా లారీ లెక్కలోనే మాట్లాడతాడు. మెకానిక్ భీమన్న చిన్న టర్బో తెప్పించి ఉంచాడు. అరచేతిలో ఇమిడిపోయింది. మనసు చివుక్కుమంది.

"ఇదేటి మాస్టారూ, కుట్టుమిసను సామాన్లాగుంది" అన్నాడు.

అతని వెనక బల్ల మీద పది చక్రాల లారీ నుంచి ఊడదీసిన టర్బో ఉంది. గుమ్మడికాయంత. ఊరికే చూశాను. చూడ్డం తప్పు కాదు.

గురువారం
తీర్మానం అలాగే ఉంది. కాకపోతే మధ్యస్థం గురించి ఆలోచిస్తున్నాను. మధ్యస్థమంటే చిన్నదే, కొంచెం ఒళ్లు చేసింది.

శుక్రవారం
మధ్యస్థం దొరకలేదు.

"సిమెంటు బస్తాలేసుకుని లారీయే ఆ కొండెక్కేత్తాది. మీ బండేపాటిది మాస్టారూ" అన్నాడు భీమన్న.

దీనికి నా దగ్గర జవాబుంది. లారీ ఇంజన్ చాలా పెద్దది, దాని పొగ వేరు. నోటిదాకా వచ్చింది. కానీ చుట్టూ డ్రైవర్లు టీ తాగుతూ నా వంకే చూస్తున్నారు. వాళ్ల ముందు "నాకు చిన్నది చాలు" అనడానికి నోరు రాలేదు.

"పెద్దదే పెట్టెయ్" అన్నాను.

శనివారం
బోనెట్ మూతపడలేదు. తాడుతో కట్టాం. ఊరి బయట తిన్నని రోడ్డు మీద చూశాను. మొదట ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఈల వేసి, వెనక నుంచి ఎవరో తన్నినట్టు దూకింది! మొన్నటి లెక్కలో కొండని ఎక్కువ చేసి చూశానేమో.

ఆదివారం
సోఫియాతో ఘాట్ ఎక్కుతుంటే రెండో మలుపుకే టర్బో నిద్రపోయింది. వెనకంతా నల్లటి పొగ. మమ్మల్ని దాటి వెళ్లినవి: అల్లం బస్తాల జీపు, బస్సు, ఇద్దరు మనుషులూ ఒక మేకా ఎక్కిన బైకు. మేక వెనక్కి తిరిగి చూసింది.

తర్వాతి మలుపులో కారు పాకడం మొదలుపెట్టింది. సోఫియా తలుపు తీసుకుని దిగి, ముందుకి నడిచింది.

ఆవిడ బరువు తగ్గేసరికి కారు కదిలింది. పైన రోడ్డు కాస్త తిన్నగా ఉంది. ఇంజన్ అరిచింది, ఈల వినిపించింది. టర్బో లేచింది! ఎదురుగా సోఫియా ఆపమని చెయ్యెత్తింది. ఆపితే మళ్లీ నిద్రపోతుంది. ఎంత కష్టపడి లేచిందో నాకే తెలుసు.

హారన్ కొట్టి వెళ్లిపోయాను.

మా అత్తగారు తెరిసమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కూతురు ఉండాల్సిన పక్క సీటు వంక చూసింది.

"బాబూ, మా గుంటేది?"

సోఫియా చాలాసేపటికి సంతకి పోయే జీపు వెనక నిచ్చెన పట్టుకుని నిలబడి వచ్చింది. భోజనాల దగ్గర నాకు కూర వడ్డించలేదు.

సోమవారం
మాటంటే మాట. రిసార్టుకి నేనే ఫోన్ చేశాను. సోఫియా ఫోన్ లాక్కుని పెట్టేసింది.

"దిగినందుకు కాదు నా ఏడుపు. సెయ్యెత్తినా మీరు ఆపనేదు" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. సిగ్గుతో చచ్చిపోయాను.

"బండి ఇచ్చేస్తాను" అన్నాను.

"ముందు నన్నొకపాలి ఆ కొండెక్కించండి. అప్పుడు ఇచ్చీండి."

మంగళవారం, ఉదయం
కొత్త తీర్మానం. చిన్న టర్బోనే పెట్టిస్తాను. షెడ్డులో ఎవరు నవ్వినా సరే.

ఇంకొకటి. సోఫియా చెయ్యెత్తితే ఆపాలి. టర్బో లేచి ఉన్నా సరే.